వేరియాక్స్ గిటార్ అమ్ముతున్నారా? ముందు బ్యాటరీ హెల్త్ చూడండి

పాత ఫోన్ అమ్మేటప్పుడు ఏం చూస్తాం? బ్యాటరీ ఎంత సేపు వస్తోంది, ఛార్జింగ్ పోర్ట్ బాగుందా, బాక్స్, ఛార్జర్ ఉన్నాయా... ఇంతే కదా. గిటార్‌కి కూడా ఇవన్నీ చూడాల్సి వస్తుందని నేనైతే ఎప్పుడూ అనుకోలేదు. గత నెల అశోక్‌నగర్‌లోని నా రూమ్ నుంచి లైన్ 6 వేరియాక్స్ స్టాండర్డ్ అమ్మాను. అప్పుడు తెలిసింది, ఇది గిటార్ రూపంలో ఉన్న గ్యాడ్జెట్ అని.

ఇందులో అంత స్పెషల్ ఏముంది?

యమహా 2014లో లైన్ 6ని కొనేసింది. ఆ తర్వాత 2015లో వచ్చిన మోడల్ ఇది. చూడ్డానికి మామూలు ఎలక్ట్రిక్ గిటారే. మూడు మాగ్నెటిక్ పికప్స్ ఉంటాయి. వాటితో పాటు బ్రిడ్జ్‌లో ఒక్కో స్ట్రింగ్‌కి ఒక్కో పీజో పికప్ ఉంటుంది. ఆ ఆరు సిగ్నల్స్‌ని లోపలున్న ప్రాసెసర్ విడివిడిగా మారుస్తుంది. ఒక నాబ్ తిప్పితే అకౌస్టిక్, ఇంకోసారి తిప్పితే బాంజో, ఎలక్ట్రిక్ సితార్. రెండో నాబ్‌తో ట్యూనింగే మారిపోతుంది. స్టాండర్డ్ నుంచి డ్రాప్ డికి, అక్కడి నుంచి డాడ్‌గ్యాడ్‌కి వెళ్లడానికి ఒక్క కీ కూడా తిప్పక్కర్లేదు.

బ్యాటరీ అయిపోయినా మాగ్నెటిక్ పికప్స్‌తో మామూలు గిటార్‌లా వాయించుకోవచ్చు. ఈ మాట యాడ్‌లో తప్పకుండా రాయండి. కొనేవాళ్ల మొదటి భయం అదే.

ఫీచర్లు ఎక్కువైతే రేటు పెరుగుతుందా?

పెరగదు. నేనూ అదే పొరపాటు చేశాను. మామూలు గిటార్‌లో చెక్క, పికప్స్ దశాబ్దాలు నిలబడతాయి. ఎలక్ట్రానిక్స్ అలా కాదు. అందుకే చాలామంది గిటారిస్టులు ఇలాంటివి చూడగానే ఒక అడుగు వెనక్కి వేస్తారు. 2015లో జిబ్సన్ తన చాలా మోడల్స్‌కి జి ఫోర్స్ అనే ఆటోమేటిక్ ట్యూనర్ ఇచ్చింది. చాలామందికి నచ్చలేదు. మరుసటి ఏడాదే అది లేని ట్రెడిషనల్ లైన్‌ని విడిగా తెచ్చింది. కాబట్టి మన యాడ్ చదవాల్సింది ‘గిటారిస్టు’ కంటే ముందు ‘గ్యాడ్జెట్ పిచ్చోడు’.

మెసేజ్‌లు, మోసాలు

నేను 45,000 అడిగాను. మొదటి మెసేజ్ పది నిమిషాల్లో వచ్చింది. గిటార్ చూడకుండానే ‘ఓకే, అడ్వాన్స్ పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి’ అన్నాడు. మనకు డబ్బు రావాలంటే స్కాన్ చేయడం గానీ, యూపీఐ పిన్ కొట్టడం గానీ అక్కర్లేదు. అలా అడిగితే అది మోసమే. బ్లాక్ చేసేయండి. ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

వేరే ఊరి నుంచి కొరియర్ అడిగినవాళ్లూ ఉన్నారు. లిథియం బ్యాటరీ ఉన్న పార్శిల్‌కి రూల్స్ వేరు. అందుకే దగ్గర్లోవాళ్లకే ఇద్దామనుకున్నాను. చిక్కడపల్లి, నారాయణగూడ, ముషీరాబాద్... అందరికీ గ్రీన్ లైన్ మెట్రో ఉంది, వచ్చి చూసుకోవచ్చు.

డెమో ఇలా ఇవ్వకండి

మొదట వచ్చిన అతనికి చిన్న ఆంప్‌లో, వాల్యూమ్ బాగా తగ్గించి చూపించాను. పక్క గదిలో గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఉన్నారు మరి. ట్యూనింగ్ నాబ్ తిప్పి కార్డ్ కొట్టగానే అతను మొహం చిట్లించాడు. ‘అన్నా, ఇది ఖరాబైనట్టుంది’ అన్నాడు.

ఖరాబ్ ఏం కాలేదు. స్ట్రింగ్స్ అసలు శృతిలోనే మోగుతున్నాయి, ఆంప్‌లో మాత్రం మారిన శృతి వస్తోంది. వాల్యూమ్ తక్కువైతే రెండూ కలిసి వినపడి అపస్వరంలా ఉంటుంది. రెండో అతనికి హెడ్‌ఫోన్స్ పెట్టి చూపించాను. పది నిమిషాలు తల ఎత్తలేదు. హాస్టల్ గదుల ఏరియాలో ఇదే పెద్ద ప్లస్ పాయింట్ కూడా.

అసలు చెప్పాల్సిన విషయం

కొత్తప్పుడు ఫుల్ ఛార్జ్‌తో 12 గంటల దాకా వస్తుందని కంపెనీ చెప్పింది. నేను మూడేళ్లు సరిగ్గా వాడకుండా బీరువా మీద పడేశాను. కేబుల్ పెట్టి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుందని తెలిసీ చాలాసార్లు అలాగే వదిలేశాను. అమ్మే ముందు స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే నాలుగు గంటలు కూడా రాలేదు.

ఆ కుర్రాడు అశోక్‌నగర్‌లోనే హాస్టల్‌లో ఉంటాడు. గిటార్ కోసం ఏడాదిగా డబ్బులు దాచుకున్నానన్నాడు. బ్యాటరీ గురించి ఒక్క మాట కూడా అడగలేదు. నిజం చెప్పాలంటే, నేనూ చెప్పకుండా ఉండిపోదామని ఒక నిమిషం అనుకున్నాను. పది నిమిషాల డెమోలో తెలిసే విషయం కాదది.

తర్వాత చెప్పేశాను. స్టాప్‌వాచ్ స్క్రీన్‌షాట్ కూడా చూపించాను. ‘నేను రోజూ రాత్రి గంటన్నరే వాయిస్తానన్నా, సరిపోతుంది. కానీ కొత్త బ్యాటరీ ఖర్చు తగ్గించు’ అన్నాడు. 38,000కి తెగింది.

ఇచ్చే ముందు ఈ లిస్ట్ చూసుకోండి

• బ్యాటరీ ఎన్ని గంటలు వస్తోందో కొలిచి రాసివ్వండి.
• ఛార్జర్, కంప్యూటర్‌కి కలిపే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ కలిపే ఇవ్వండి. దానితో వర్క్‌బెంచ్ సాఫ్ట్‌వేర్‌లో ట్యూనింగ్స్, మోడల్స్ మార్చుకోవచ్చు.
• డిజిటల్ పోర్ట్ చూడ్డానికి ల్యాన్ పోర్ట్‌లా ఉంటుంది. దాన్ని ల్యాప్‌టాప్‌కో రౌటర్‌కో పెట్టొద్దని గట్టిగా చెప్పండి.
• ఆరు స్ట్రింగ్స్‌నీ మోడలింగ్ ఆన్‌లో ఒక్కొక్కటిగా వాయించి చూపించండి. ఒక పీజో పోయినా అక్కడే తెలిసిపోతుంది.
• సీరియల్ నంబర్ ఫొటో, పాత బిల్లు ఇవ్వండి.

వారం తర్వాత అతని నుంచి ఫోన్ వచ్చింది. ఏం పాడైందో అనుకుంటూ ఎత్తాను. డాడ్‌గ్యాడ్‌లో మొదట ఏ పాట నేర్చుకోవాలన్నా అని అడిగాడు. బ్యాటరీ సంగతి దాచి ఉంటే ఆ ఫోన్ నేను ఎత్తేవాణ్ణి కాదేమో.