ఏటీ అవదు కదమ్మా?

కె.కోటపాడు మండలంలో ఒక ఇల్లు అనుకుందాం. ముందు అరుగు, వెనక బోరు కుళాయి, దాని వెనక చెరకు తోట. ఆరో తరగతి చదివే పదకొండేళ్ల పిల్లవాడు, వాడికో చెల్లి, అమ్మ, నాన్న, నాన్నమ్మ. ఇల్లు నేను అల్లుకున్నదే గానీ అందులో జరిగేది మాత్రం అల్లిక కాదు. ఓసీడీ అనే జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు మానసిక వైద్యుల ముందు కూర్చుని చెప్పుకొనేవి ఇలాంటివే.

రాత్రి తొమ్మిదిన్నర అయింది. వాడు ఇంకా కుళాయి దగ్గరే ఉన్నాడు. బడి నుంచి వచ్చే దారిలో చచ్చిన కుక్కను చూశాడు. తాకలేదు. కానీ ఆ దారిన నడిచిన చెప్పులను చేత్తో విడిచాడు, ఆ చేత్తోనే పుస్తకాల సంచీ పట్టుకున్నాడు, ఆ సంచీని మంచం మీద పెట్టాడు. ఇప్పుడు మంచమంతా అంటుకుపోయింది. మోచేతుల దాకా సబ్బు రుద్దుతాడు, లెక్క పెడతాడు, మధ్యలో లెక్క తప్పితే మళ్లీ మొదటికి. వేళ్ల సందుల్లో చర్మం బీటలు వారి నెత్తురు కనిపిస్తోంది.

"అమ్మా, ఏటీ అవదు కదా?"

"ఏటీ అవదు నాన్నా."

"నిజంగానా? ఒట్టెయ్."

ఒట్టేస్తుంది. రెండు నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న. అనకాపల్లి బెల్లం మార్కెట్ నుంచి అలసిపోయి వచ్చిన నాన్న "కట్టరా ఆ కుళాయి" అని కేకేస్తాడు. "మా గుంటడికి మొదట్నుంచీ శుభ్రం ఎక్కువే" అని నాన్నమ్మ సర్దిచెబుతుంది.

ఆ సర్దిచెప్పడం దగ్గరే నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. మన భాషలో దీనికి సిద్ధంగా ఒక మాట ఉంది మరి: చాదస్తం. ఛందస్సు అంటే వేదం. వేదం వల్లించడమే తప్ప లోకం పోకడ తెలియనివాణ్ని ఛాందసుడన్నారు. అక్కణ్నుంచి ఆ మాట ఇళ్లలోకి దిగి, అతిగా కడిగేవాళ్లకూ చెప్పిందే చెప్పేవాళ్లకూ ముద్దుపేరైంది. మడి, మైల, ఎంగిలి అంటూ శుభ్రతకు ఇన్ని గీతలు గీసుకున్న ఇళ్లలో ఒక పిల్లవాడి గీత ఎక్కడ దారి తప్పిందో ఎవరికి తెలుస్తుంది? 2017లో వచ్చిన 'మహానుభావుడు' సినిమాలో శర్వానంద్ పాత్రకు ఉన్నది ఇదే జబ్బు. ఓసీడీ అనే మూడక్షరాలు చాలామంది చెవిన పడింది ఆ సినిమాతోనే. హాలంతా నవ్వింది. కుళాయి దగ్గర నిలబడ్డవాడికి మాత్రం అందులో నవ్వొచ్చేదేమీ లేదు. మడి కట్టుకున్న పెద్దావిడకు మడిలో తృప్తి ఉంటుంది. వీడికున్నది భయం. ఇంత కడగడం అర్థం లేని పనని చాలాసార్లు వాడికే తెలుసు. తెలిసినా ఆగలేడు.

కడగడమైనా కంటికి కనిపిస్తుంది. కనిపించనివి ఇంకా ఉన్నాయి, నన్ను ఎక్కువ బాధపెట్టేది వాటి సంగతే. చోడవరంలో స్వయంభూ వినాయకుడి గుడికి వెళ్లినప్పుడు వాడి మనసులో హఠాత్తుగా దేవుణ్ని తిట్టే బూతు మాట మెరుస్తుంది. వాడు తెచ్చుకున్నది కాదు, వద్దంటే పోయేదీ కాదు. తప్పైపోయిందని లెంపలేసుకుంటాడు, గుంజీలు తీస్తాడు. మూడు తీస్తే సరిపోలేదనిపిస్తుంది. తొమ్మిది తీస్తుంటే మళ్లీ ఆ మాటే వస్తుంది, మళ్లీ మొదలు. వినాయకుడి ముందు గుంజీలు తీసే పిల్లవాణ్ని చూసి ఎవరైనా జబ్బనుకుంటారా? పిల్లాడికి ఎంత భక్తో అనుకుంటారు. మరోరోజు అమ్మ కూరలు తరుగుతుంటే కత్తిపీట చూసి 'చెల్లిని కోసేస్తానేమో' అన్న ఆలోచన వస్తుంది. ఆ రోజు నుంచి వంటింట్లోకి రాడు, చెల్లిని ఎత్తుకోడు. ఎందుకని అడిగితే చెప్పడు. చెబితే తనను రాక్షసుడనుకుంటారని భయం. తల్లిదండ్రులు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయమిది: ఈ జబ్బులో వచ్చే ఆలోచనలు కోరికలు కావు. దేన్ని తలచుకుంటే వాడి ఒళ్లు జలదరిస్తుందో జబ్బు సరిగ్గా దాన్నే పట్టుకుని ఆడిస్తుంది. చెల్లంటే ప్రాణం కాబట్టే ఆ భయం అక్కడ పుట్టింది.

నూటికి ఒకరిద్దరు పిల్లల్లో ఈ జబ్బు ఉంటుందని అంచనా. నాలుగు వందల మంది చదివే ఊరి హైస్కూల్లో నలుగురైనా ఉంటారన్నమాట. పెద్దయ్యాక వైద్యానికి వచ్చేవాళ్లలో దాదాపు సగం మందికి ఇది చిన్నతనంలోనే మొదలై ఉంటుంది. పదేళ్లు అటూ ఇటూ వయసు దానికి అనువైన కాలం. మగపిల్లల్లో ఇంకాస్త ముందే కనిపిస్తుంది. కొన్ని కుటుంబాల్లో వంశంలో నడుస్తుంది. పెంపకం లోపం వల్ల రాదు. ఈ ముక్క నాన్నమ్మకూ నాన్నకూ అమ్మకూ విడివిడిగా చెప్పాలి, ఎందుకంటే ముగ్గురూ లోలోపల ఎవరో ఒకరిని తప్పుపడుతూనే ఉంటారు.

ఇక లోపల ఏం జరుగుతుందో చూద్దాం. అనుమానం పుడుతుంది, గుండె దడదడలాడుతుంది, కడిగితే కాసేపు ఊరట. చేటంతా ఆ ఊరటలోనే ఉంది. 'కడిగావు కాబట్టే గండం తప్పింది' అని మెదడు పాఠం నేర్చుకుంటుంది. మర్నాడు అదే అనుమానం ఇంకాస్త బలంగా వస్తుంది. అమ్మ వేసే ఒట్టు చేసే పనీ అదే. ఆమె వాడి కోసం విడిగా పళ్లెం పెడుతుంది, దుప్పటి రోజూ మారుస్తుంది, రాత్రి తలుపు గడియ వాడితో పాటు నాలుగుసార్లు చూస్తుంది. అన్నీ ప్రేమతోనే. కానీ చీమలు పోవాలని బెల్లం ముక్క వేసినట్టే అవుతుంది. నాన్న కేకలూ పనిచేయవు. కొడితే భయం పెరుగుతుంది, భయం పెరిగితే కడగడం పెరుగుతుంది. బతిమాలడానికీ బెదిరించడానికీ మధ్య మూడో దారి ఒకటుందని ఈ ఇంటికి ఎవరూ చెప్పలేదు.

ఆ దారి 1966 నాటిది. లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఇలాంటి రోగులను భయపడే వస్తువుకు దగ్గర చేసి, ఆ తర్వాత కడగకుండా తోడుండి ఆపాడు. భయం ఎక్కింది, కాసేపు నిలిచింది, దానంతటదే దిగింది. దాని మీద పెరిగినదే నేటి ప్రవర్తన చికిత్స. 2004లో అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల లోపు పిల్లలు 112 మందిని పన్నెండు వారాలు పరిశీలించిన అధ్యయనం వెలువడింది. ఈ తరహా చికిత్సనూ సెర్ట్రలిన్ మాత్రనూ కలిపి ఇచ్చినవాళ్లలో 53.6 శాతం మంది దాదాపు పూర్తిగా కోలుకున్నారు. చికిత్స ఒక్కటే అయితే 39.3 శాతం, మాత్ర ఒక్కటే అయితే 21.4. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 3.6 శాతమే. 'వయసొస్తే అదే పోతుందిలే' అని ఊరుకునేవాళ్లకు ఈ చివరి అంకె చూపించాలని ఉంటుంది నాకు.

చికిత్స ఇంట్లో ఎలా నడుస్తుంది? ముందు జబ్బుకొక పేరు పెట్టమని పిల్లవాణ్నే అడుగుతారు. మనవాడు 'కంగారోడు' అని పెట్టాడనుకుందాం. ఇక పోట్లాట అమ్మకూ వాడికీ కాదు, ఇద్దరూ ఒక వైపు, కంగారోడు ఒక వైపు. తర్వాత భయాలకు పదికి మార్కులు వేయిస్తారు. గేటు తాకడం మూడు, బడి చెప్పులు ముట్టుకోవడం ఆరు, సంచీ మంచం మీద పెట్టి అక్కడే పడుకోవడం తొమ్మిది. మూడు మార్కుల మెట్టు దగ్గర మొదలు. గేటు తాకి అయిదు నిమిషాలు చేతులు కడగకుండా కూర్చోవాలి. ఏ మెట్టు ఎప్పుడెక్కాలో వాడే ఒప్పుకోవాలి. కుళాయికి తాళం వేయడం, ఒక్క రోజులో అన్నీ బంద్ పెట్టడం చికిత్స కాదు.

పెద్దవాళ్ల పాఠం వేరే ఉంది, నిజానికి అదే కష్టం. పిల్లవాణ్ని కాక తల్లిదండ్రులనే కూర్చోబెట్టి నేర్పే పద్ధతి ఒకటి యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ రూపొందించారు. ఆందోళన జబ్బులున్న 124 మంది పిల్లల మీద జరిపిన పరీక్షలో అది నేరుగా పిల్లలకిచ్చే చికిత్సకు తీసిపోలేదు. అందులో అమ్మానాన్నలు నేర్చుకునేది రెండు ముక్కలు: 'నీ భయం నాకు తెలుస్తోంది', 'నువ్వు తట్టుకోగలవు'. ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. అమ్మ ఒట్టు మానేస్తే వాడు నాన్నమ్మ దగ్గరికి పరిగెత్తుతాడు, కాబట్టి ఆవిడకూ నేర్పాలి. మొక్కులు మొక్కుకోనివ్వండి, తాయెత్తు కట్టనివ్వండి. వాటి కోసం డాక్టరును వాయిదా వేయకపోతే చాలు.

డాక్టరంటే ఎక్కడికి? 2022 ఏప్రిల్ 4న కె.కోటపాడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది గానీ పెద్ద వైద్యానికి దారి ఇప్పటికీ విశాఖే. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. జనం నోట దాని పేరు పిచ్చాసుపత్రి, ఆ పేరు తలచుకునే సగం మంది బస్సెక్కరు. అక్కడ ఓపీ చీటీ రాయించుకున్నంత మాత్రాన పిల్లవాడు పిచ్చివాడైపోడు. బస్సెక్కే ముందు ఫోన్ చేయాలనుకుంటే టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ఉచిత సేవ, 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు. మాత్రలు రాస్తే ఫలితం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు. మొదటి వారాల్లో పిల్లవాడు మరీ చిరాకుగా, దిగులుగా మారితే వెంటనే చెప్పాలి. బాగుందని మనంతట మనం ఆపేయకూడదు. గొంతునొప్పి, జ్వరం వచ్చిన వెనకే రాత్రికి రాత్రి ఈ లక్షణాలు విరుచుకుపడితే ఆ సంగతీ దాచకండి. స్ట్రెప్టోకాకస్ ఇన్ఫెక్షన్ తర్వాత కొందరు పిల్లల్లో ఇలా జరుగుతుందని సూజన్ స్వీడో బృందం 1998లో వివరించింది.

బడిలో మాస్టారికీ ఒక మాట చెప్పాలి. రాసింది చెరిపి, మళ్లీ రాసి, కాగితం చిరిగేదాకా రబ్బరు రుద్దే పిల్లవాడు బద్ధకస్తుడు కాదు. అక్షరం 'సరిగ్గా' కుదిరేదాకా వాణ్ని కదలనివ్వనిది కంగారోడే.

మళ్లీ రాత్రి తొమ్మిదిన్నర. చికిత్స మొదలై నెల దాటిందనుకుందాం. అరుగు మీద అమ్మ పక్కన కూర్చున్నాడు. సాయంత్రం చెప్పులు ముట్టుకున్నాడు, కడగలేదు.

"అమ్మా, ఏటీ అవదు కదా?"

నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఆమె మింగుతుంది. అలా మింగడం ఆమెకు ఎంత కష్టమో మొగుడికి కూడా తెలియదు.

"అడుగుతున్నది నువ్వా, కంగారోడా?"

"ఆడే."

"ఎన్ని మార్కులు?"

"ఏడు."

"సరే, కూచుందాం."

చెరకు తోట మీంచి గాలి వస్తోంది. ఆమె ఇంకేమీ అనదు. వాడు చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. కాసేపటికి వాడే అంటాడు.

"ఆరున్నర."