పాత కొయ్యకు కొత్త ఊపిరి: బొంబాయి టేకు ఓడ కథ

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలకు సముద్రం దూరం. దక్షిణ పినాకినిపై ఉన్న జలాశయాలు, హొగెనకల్లు పరిసళ్ళు తప్ప ఇక్కడి పల్లెవాసులకు జలయానంతో పరిచయం తక్కువ. అయినప్పటికీ పాత తెరచాప ఓడను పునరుద్ధరించే విద్య మనకు పూర్తిగా పరాయిది కాదు. కొయ్య తేరు ఉన్న ప్రతి ఊరికీ ఏనాటికైనా ఎదురయ్యే ప్రశ్నే ఆ పనిలోనూ ఎదురవుతుంది. పుచ్చిన కొయ్యను తీసివేస్తూనే ప్రాచీనతను నిలుపుకోవడం ఎలా?

దీనికి చక్కని ఉదాహరణ మన దేశపు టేకుతో రూపొందిన 'ట్రింకోమలీ' ఓడ.

బొంబాయిలో పుట్టుక

నెపోలియన్ యుద్ధాల కాలంలో బ్రిటన్‌లో ఓడలకు కావలసిన ఓక్ కలప కొరవడింది. అందువల్ల కొన్ని యుద్ధ ఓడల నిర్మాణాన్ని బొంబాయిలోని పార్శీ వాడియా కుటుంబానికి అప్పగించారు. ఈ ఓడ నమూనా చిత్రాలను తెస్తున్న 'జావా' ఓడ 1812లో అమెరికన్ల చేత చిక్కడంతో, నకళ్ళు మళ్ళీ పంపవలసి వచ్చింది. ప్రధాన శిల్పి జంషెట్జీ బొమన్జీ వాడియా తమ ఆచారం ప్రకారం అడుగుదూలంలో వెండి మేకు దిగగొట్టి పని ఆరంభించారు. 1817 అక్టోబరు 12న ఓడ నీట దిగింది. సింహళంలోని తిరుకోణమలై దగ్గర 1782లో జరిగిన నౌకాయుద్ధానికి గుర్తుగా దానికి ఆ పేరు పెట్టారు.

మలబారు టేకు వాడడమే ఈ ఓడ దీర్ఘాయుష్షుకు ముఖ్య కారణం. ఓక్ కలపలోని ఆమ్లం ఇనుప మేకులను తినివేస్తుంది. టేకులోని సహజమైన నూనె వాటిని కాపాడుతుంది, పురుగును కూడా దూరంగా ఉంచుతుంది.

పేరు పోయింది, ఓడ మిగిలింది

1897లో ఓడను పగలగొట్టి కలపగా అమ్మేందుకు సిద్ధపడగా, వీట్లీ కాబ్ అనే సంపన్నుడు కొని రక్షించాడు. అదే సంవత్సరం తుపానులో నష్టపోయిన తన శిక్షణ ఓడ 'ఫుద్రాయంట్' పేరునే దీనికి పెట్టాడు. 1986 దాకా యువతకు ఓడపని నేర్పుతూ ఇది ఆ పేరుతోనే నిలిచింది. 1987లో ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌కు తరలించారు. 1990లో మొదలైన పునరుద్ధరణ 2001లో ముగిసింది. కోటి పౌండ్లకు పైగా ఖర్చయింది. నడుమ 1992లో అసలు పేరు తిరిగి వచ్చింది. ఓడలో సగానికి మించిన కలప నేటికీ మొదటిదే. నీటిపై తేలుతున్న బ్రిటిష్ యుద్ధ ఓడలన్నింటిలోనూ ఇదే పాతది.

చరిత్ర వెదికే తీరు

పేరు మారిన ఓడ పూర్వచరిత్రను నాలుగు చోట్ల వెదుకుతారు. మొదటిది నిర్మాణ చిత్రాలు. రెండవది ప్రయాణ దినచర్య పుస్తకాలు. మూడవది నమోదు పట్టికలు. విహార నౌకలకు సైతం 1878 నుండి లాయిడ్స్ సంస్థ ప్రత్యేక పట్టిక ప్రచురించింది. నాలుగవది ఓడ దేహమే. బ్రిటన్‌లో నమోదైన ఓడలకు ప్రధాన దూలంపై సంఖ్య చెక్కే పద్ధతి ఉండేది. రంగు పొరలు, మేకుల తీరు, ఉలి గుర్తులు కూడా ఏ భాగం ఏ కాలానిదో తెలుపుతాయి.

ఆ తరువాతనే మరమ్మతు. ప్రతి భాగాన్ని కొలిచి, చిత్రించి, సంఖ్య వేస్తారు. చెడిన మేరకే కోసి, అదే జాతి కలపను అతుకుతారు. పలకల సందులలో నార కూరి తారు పూస్తారు.

మన సంగతి

తెలుగు తీరంలో కోరంగి ఒకనాడు ఓడల మరమ్మతుకు పేరెన్నికగన్న రేవు. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపానులు దానిని కుంగదీశాయి. కొయ్య ఓడలు కట్టే విద్య మాత్రం పక్కనున్న తాళ్ళరేవులో నిలిచింది. కాగితంపై నమోదు కాని విద్య వడ్రంగుల చేతులలోనే ఉంటుంది, వారితోనే పోతుంది.

కనుక ఊరి తేరునైనా, తాతలనాటి చెక్కడపు ద్వారబంధాన్నయినా బాగుచేయించే ముందు మూడు పనులు తప్పనిసరి. అన్ని వైపుల నుండి ఫోటోలు తీయించాలి. చేసినవారెవరో, కలప ఎక్కడిదో పెద్దలను అడిగి తేదీతో వ్రాసి ఉంచాలి. తీసిన పాత ముక్కను పొయ్యిలో పెట్టక భద్రపరచాలి. కొత్త కలపను ఎప్పుడైనా కొనవచ్చును. పాత కొయ్య చెప్పే సాక్ష్యం ఒకసారి కాలిపోతే మరల దొరకదు.