శాస్త్రీయ సంగీతానికి ఏ స్పీకర్లు కొనాలి?
- ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఫిజిక్స్)

మన హాస్టలు హాలులో స్పీకర్లు పెట్టడానికి పాత విద్యార్థులం తలా కొంత వేసుకుంటున్నాం. రంగు లైట్లు వెలిగే పెద్ద పెట్టె కావాలని కొందరు తమ్ముళ్ళు, పాట చక్కగా వినిపించేది కావాలని మరికొందరు అంటున్నారు. కష్టపడి కూడబెట్టిన డబ్బు కనుక నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

"శాస్త్రీయ సంగీతం మనలాంటివాళ్ళకెందుకు?" అని కొందరు అడుగుతారు. మన పెళ్ళిపందిట్లో మోగే సన్నాయి మరేమిటి? నేటి ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా (1924-1999) నాదస్వరం వాయించే 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు.

మా నాన్న పెళ్ళిళ్ళకు మైకు సెట్టు మోసేవాడు. చెట్టుకు కట్టే ఆ హారన్ మాటను దూరం పంపడానికి చేసింది. మృదంగం ఎడమ మూత 'గుమ్' అనడం అందులో వినపడదు. మన చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. వీణ అనుమంద్ర తీగ 100 హెర్ట్జ్ కంటే కిందనే పలుకుతుంది. అరచేతిలో ఇమిడే బ్లూటూత్ స్పీకరు అంత కిందికి సరిగా దిగలేదు. అయినా స్వరం తెలుస్తుంది. ఎలాగంటే, ఇంటర్‌లో చదివిన అనుస్వరాలను బట్టి చెవే మూలస్వరాన్ని ఊహించుకుంటుంది. స్వరం దొరుకుతుంది గానీ దాని బరువు దొరకదు.

అలాగని గుండెలదిరే బేస్ పెట్టె కొనవద్దు. కచేరీకి ప్రాణం గాయకుడి గమకం, దాన్ని వెంటాడే వయొలిన్. బేస్ మోత వాటిని మింగేస్తుంది. నా ఓటు లైట్లు లేని చెక్క పెట్టెల జతకే.

పెట్టె మీద '5000 వాట్స్ పి.ఎం.పి.ఓ.' అని ఉంటే నమ్మకండి. ఆ లెక్కకు ఒక ప్రమాణమంటూ లేదు, ఎవరి అంకె వారిదే. ఆర్.ఎం.ఎస్. వాట్స్ చూడండి. అంతకన్నా ముఖ్యం సెన్సిటివిటీ. అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తుందో. 3 డెసిబెల్స్ తగ్గితే రెట్టింపు వాట్స్ కావాలి. కాబట్టి 90 డెసిబెల్స్ స్పీకరు 20 వాట్స్‌తో చేసే పని, 84 డెసిబెల్స్ స్పీకరు చేయాలంటే 80 వాట్స్ కావాలి. ఆంప్లిఫయర్ కనీసం 8 ఓమ్స్ అడిగితే 4 ఓమ్స్ స్పీకరు తగిలించకండి, వేడెక్కుతుంది.

ఖమ్మం దుకాణానికి వెళ్ళినప్పుడు వాళ్ళు పెట్టే సినిమా పాట వినవద్దు. బాలమురళీకృష్ణ (1930-2016) గానమో, ఈమని శంకరశాస్త్రి వీణో వెంట తీసుకెళ్ళండి. ద్వారం వెంకటస్వామినాయుడు గారి పాత రికార్డులు వినడానికి అమృతమే గానీ పరీక్షకు పనికిరావు, హెచ్చు ఫ్రీక్వెన్సీలు వాటిలోనే తక్కువ. కళ్ళు మూసుకోండి. గొంతు వెనక తంబుర వినిపిస్తోందా? వయొలిన్ గొంతులో కలిసిపోకుండా విడిగా ఉందా? రెండు జతలనూ ఒకే సౌండులో పోల్చాలి, కొంచెం పెద్దగా మోగేదే మంచిదనిపిస్తుంది మరి!

మన హాలు సిమెంటు నేల, బోసి గోడలు, అన్నీ ప్రతిధ్వనే. వెనక గోడకు నాలుగు మందపాటి దుప్పట్లు కడితే ఖర్చు లేకుండా సగం బాధ తీరుతుంది. మూలల్లో పెడితే బేస్ ఉబ్బుతుంది, కాస్త ముందుకు జరపండి. చిన్న స్పీకరు, అంటే ట్వీటరు, కూర్చున్నవారి చెవి ఎత్తున ఉండాలి. ఒక పెట్టెకు ఎర్ర, నల్ల వైర్లు తారుమారైతే బేస్ పలచబడుతుంది, బిగించేటప్పుడే చూసుకోండి.