మంచుకొండల ప్రయాణమా? ముందు వైద్యపు పద్దు వ్రాయండి!

నిరుడు దసరాకు ముందు రిటైరైన మాస్టారొకరు నా దగ్గరకు వచ్చి, రక్తపోటు మాత్రలు నెలకు సరిపడా ఒకేసారి వ్రాసి ఇమ్మన్నారు. కారణం అడిగితే ఆయన ముఖం వెలిగిపోయింది.

“డిసెంబరు ఆఖర్లో కుటుంబమంతా మనాలి పోతున్నాం సార్. బెంగళూరులో ఉండే మా వాడు స్కీయింగ్ నేర్చుకుంటాడంట. నేనూ, మా ఇంటామె ఆ మంచు కాస్త కళ్ళారా చూసి వస్తాం. ఎప్పుడు చూసినా ఈ ఎండలూ, ఈ కరువేనా?”

జేబులోంచి ఒక కాగితం తీసి చూపించారు. గుండ్రటి దస్తూరీతో ఖర్చుల పట్టిక. రైలు, బస్సు, గది, భోజనం, మంచు మీద జారే పలకల అద్దె, శాలువలు, ఇరుగుపొరుగుకు తెచ్చే ఆపిల్ పండ్లు, అన్నీ ఉన్నాయి. నేను ఒకటికి రెండుసార్లు చదివి, “మాస్టారూ, ఇందులో మీ గుండె, మీ ఇంటామె ఊపిరి ఎక్కడున్నాయి?” అని అడిగాను. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

సంవత్సరానికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన మాత్రమే పడే జిల్లా మనది. అటువంటి నేల మీద పుట్టి పెరిగినవారికి మంచు చూడాలనే కోరిక కలగడంలో తప్పు లేదు. వెళ్ళండి, తప్పక చూడండి. అయితే డబ్బు లెక్క వేసుకున్నంత శ్రద్ధగా ఒంటి లెక్క గూడా వేసుకోండి.

అమరనాథ యాత్రకు వెళ్ళదలచినవారు వైద్యుని ధ్రువపత్రం చూపించాలి. 13 ఏళ్ళ లోపువారికీ, 70 దాటినవారికీ, ఆరు వారాలు దాటిన గర్భిణులకూ ఆ యాత్రకు అనుమతి లేదు. ఏటా ఆ పత్రాల కోసం మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది “ఊరికే ఒక సంతకం పెట్టండి సార్” అంటారు. ఆ సంతకం వెనుక ఒక ప్రాణం ఉందని వారికి చెప్పడానికే నాకు సగం రోజు పడుతుంది. విహారయాత్రకైతే ఆ పత్రం గూడా ఎవరూ అడగరు. గనుక ఆ పరీక్ష మనకు మనమే పెట్టుకోవాలి.

ఎత్తు సంగతి

అనంతపురం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది. బెంగళూరు 900 పైచిలుకు, ఊటీ 2,240. మనాలి సుమారు 2,050 మీటర్లు, కాశ్మీరంలోని గుల్మార్గ్ 2,650. గుల్మార్గ్‌లో తీగల మీద నడిచే పెట్టె ఎక్కితే, రెండు అంచెల్లో కొద్ది నిమిషాలలోనే 3,900 మీటర్లు దాటిన చోట దింపుతుంది. మనాలి నుంచి 2020 అక్టోబరులో తెరిచిన అటల్ సొరంగం మీదుగా పోతే, సులువుగా 3,000 మీటర్ల ఎత్తు దాటిపోతాం. లడఖ్‌లోని లేహ్ నగరమైతే ఏకంగా 3,500 మీటర్లు.

ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలచబడుతుంది. లేహ్ ఎత్తున, సముద్రమట్టంలో దొరికే ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే దొరుకుతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు, కాని దానికి కొన్ని రోజుల వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఇవ్వకపోతే తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. దీనినే కొండజబ్బు అనుకోవచ్చు. ఇది బలహీనులకే వస్తుందనుకోవడం పొరపాటు. కండలు తిరిగిన యువకునికీ రావచ్చు. నిన్న రాని మనిషికి రేపు రావచ్చు.

మన తెలుగు పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు గూడా నిండలేదు. కాని ఆ పిల్ల ముందుగా భువనగిరి కొండరాళ్ళ మీద, తరువాత డార్జిలింగులో, లడఖ్‌లో నెలల తరబడి సాధన చేసింది. మనం ఎవరెస్టు ఎక్కబోవడం లేదు, నిజమే. అయినా రెండు రాత్రులు రైలులో కూర్చుని, ఢిల్లీ నుంచి మరో రాత్రి బస్సులో ఒదిగి పడుకుని, దిగీ దిగగానే మంచులో గంతులు వేయబోతాం. శరీరానికి అదీ తక్కువ పరీక్ష కాదు.

ముందుగా ఎవరెవరు పరీక్ష చేయించుకోవాలి?

నలభై దాటినవారందరూ, వయసుతో నిమిత్తం లేకుండా ఈ క్రింది జబ్బులున్నవారూ కనీసం రెండు నెలల ముందు డాక్టరును కలవాలి.

గుండెజబ్బు: ఛాతీలో నొప్పి వస్తున్నవారు, ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు గుండె వైద్యుని అనుమతి లేనిదే టిక్కెట్టు కొనవద్దు. రెండంతస్తుల మెట్లు ఎక్కితేనే ఆగి ఊపిరి పీల్చుకోవలసినవారు మంచుకొండ మాట తలపెట్టే ముందు ఆ ఆయాసానికి కారణం కనుక్కోవాలి.

రక్తహీనత: ప్రాణవాయువును మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. గాలి పలచగా ఉన్నచోట అది గూడా తక్కువైతే, ఎండిన బావికి చిల్లి బొక్కెన వేసినట్లే. హిమోగ్లోబిన్ 10 కంటె తక్కువ ఉంటే ముందు దానిని పెంచుకోవాలి. ఇనుము మాత్రలు నాలుగు రోజులలో ఆ పని చేయలేవు, నెలలు పడుతుంది.

మధుమేహం: పాదాలకు స్పర్శ తగ్గినవారికి అద్దె బూటు ఒరుసుకున్నా తెలియదు, వేళ్ళు మంచుకు కొయ్యబారినా తెలియదు. ఇన్సులిన్ గడ్డకడితే మళ్ళీ పనికిరాదు. దానిని లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచుకోవాలి. చక్కెర చూసే యంత్రం గూడా గడ్డకట్టే చలిలో తప్పు లెక్క చూపవచ్చు.

ఉబ్బసం: చలిగాలి, శ్రమ రెండూ ఉబ్బసాన్ని రేపుతాయి. పీల్చే మందు పెట్టెలో గాక జేబులో ఉండాలి.

ఎముకలు: ఇది ముఖ్యంగా మన ప్రాంతంవారికి. మన పల్లెలలో అనేక చోట్ల బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆ నీరు త్రాగినవారి ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది గాని నిజానికి పెళుసు. వెన్ను, మోకాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. అటువంటివారు కాళ్ళకు పలకలు కట్టుకుని మంచు మీద జారే ఆట జోలికి పోవద్దు. ప్రక్కన కుర్చీ వేసుకుని వేడి టీ త్రాగుతూ మనుమలను చూసి సంతోషించడం మేలు.

ఆరు వారాల సాధన

ఆ ఆటలో ఎక్కువగా దెబ్బ తినేది మోకాలు. దాని తరువాత బొటనవేలు, మణికట్టు, భుజం. తొడ కండరాలు గట్టిగా ఉంటే మోకాలికి కొంత కాపు. ప్రయాణానికి ఆరు వారాల ముందునుంచీ రోజూ అరగంట వేగంగా నడవండి. గోడకు వీపు ఆన్చి, కుర్చీలో కూర్చున్నట్లు నిలిచే వ్యాయామం, గుంజీలు చేయండి. ఆదివారాలలో గుత్తి కోటో పెనుకొండ కొండో ఎక్కి దిగండి. టిక్కెట్టు ఖర్చు లేని వ్యాయామశాలలు అవి!

నేర్చుకోవడానికి పద్ధతిగల చోటికే వెళ్ళండి. గుల్మార్గ్‌లోనూ, మనాలిలోనూ ప్రభుత్వ శిక్షణ సంస్థలు ఈ విద్యలో తరగతులు నడుపుతున్నాయి. దారిలో ఎవరో పలకలు చేతికిచ్చి “నెట్టేస్తా, పోండి” అంటే పోవద్దు. తలకు హెల్మెట్ లేనిదే వాలు మీద అడుగు పెట్టవద్దు. చాలా దెబ్బలు సాయంకాలం, ఒళ్ళు అలసిపోయాక, “ఇంకొక్కసారి” అన్నప్పుడే తగులుతాయి.

రోజుల పద్దు

డబ్బు మిగులుతుందని రోజులు తగ్గించడం మనవారు చేసే మొదటి తప్పు. చేరిన రోజు పూర్తి విశ్రాంతి తీసుకోండి. 3,000 మీటర్లు దాటి బస చేసేవారు, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటె ఎక్కువ పెంచవద్దు. మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా అదే చోట ఆగాలి. విమానంలో నేరుగా లేహ్ దిగేవారు మొదటి రెండు రోజులు గది దాటి తిరగకపోవడం మంచిది. ఈ ఒకటి రెండు రోజుల గది అద్దె దండుగ ఖర్చు కాదు, ఊపిరికి కట్టే కిస్తు.

కొండజబ్బును నివారించే ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది. ప్రక్కింటివారు వేసుకున్నారని మీరు వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివారికీ, కొందరు మూత్రపిండాల రోగులకూ అది హాని చేయవచ్చు. డాక్టరు వ్రాస్తేనే వాడాలి.

చలి, మంచు, కుంపటి

“నిండా మునిగినవానికి చలేమిటి” అనే సామెత మంచుకొండల మీద చెల్లదు. ఒక్క దళసరి కోటు కంటె పలచని బట్టలు మూడు పొరలుగా వేసుకోవడం మేలు. చెమటకు తడిసిన లోబట్ట, మేజోళ్ళు వెంటనే మార్చాలి. ఇంట్లో మంచి కంబళి ఉంటే బస్సు ప్రయాణానికి దానిని మించినది లేదు. బ్రాందీ త్రాగితే వేడి పుడుతుందన్నది అబద్ధం. చర్మం వెచ్చబడినట్లు తోస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది.

చలిలో దాహం తెలియదు. అయినా నీరు త్రాగుతూనే ఉండాలి. మంచు మీద పడి తిరిగివచ్చే ఎండ మన మే నెల ఎండకు తీసిపోదు. నల్ల కళ్ళద్దాలు లేకపోతే సాయంత్రానికి కళ్ళు ఎర్రబడి, ఇసుక పోసినట్లు మండుతాయి.

వేళ్ళు తెల్లబడి మొద్దుబారితే మంచుతో రుద్దవద్దు, నిప్పు సెగ చూపవద్దు. వెచ్చని గదికి చేరి గోరువెచ్చని నీటిలో ఉంచి, వైద్యునికి చూపించాలి.

అన్నిటికంటె ముఖ్యమైన మాట. మూసిన గదిలో బొగ్గుల కుంపటి గాని, గ్యాసు పొయ్యి గాని పెట్టుకుని నిద్రపోవద్దు. దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికి ఓర్వలేకపోతే ఇంకో రజాయి అడగండి.

రూపాయల పద్దు

ఇప్పుడు మాస్టారి కాగితానికి వద్దాం. దాని పైభాగాన నేను ఈ పద్దులు వ్రాయించాను. బయలుదేరక ముందు పరీక్షల ఖర్చు. అవసరమైన మందులు రెండు జతలు; ఒకటి చేతిసంచిలో, ఒకటి పెట్టెలో. మంచి బూట్లు, చేతితొడుగులు, కళ్ళద్దాలు. హెల్మెట్ అద్దె, శిక్షకుని రుసుము. ప్రయాణ బీమా. మొత్తం ఖర్చులో ప్రతి నూరు రూపాయలకూ పదిహేను ఎవరూ ముట్టుకోని అత్యవసర నిధి.

బీమా కాగితం చివరిదాకా చదవండి. మంచు ఆటల దెబ్బలకు, పాత జబ్బులకు, కొంత ఎత్తు దాటిన చోట జరిగినదానికి చెల్లించమని అందులో చిన్న అక్షరాలలో ఉండవచ్చు. మన ఆరోగ్యశ్రీ కార్డు అక్కడి ఆసుపత్రిలోనూ చెల్లుతుందని నమ్ముకుని పోవద్దు. కాలు విరిగితే ఆపరేషన్ ఒక్కటే కాదు, పడుకోబెట్టి వెనక్కి తేవడమూ ఖర్చే. అప్పు చేసి వెళ్ళిన విహారం, దెబ్బ తగిలితే మూడు చెనక్కాయ పంటలు తిన్నా తీరదు. డబ్బు చాలకపోతే ఒక సంవత్సరం ఆగండి. హిమాలయాలు ఎక్కడికీ పోవు.

ఈ సూచనలు కనబడితే ఆలస్యం వద్దు

మామూలు తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి వెళ్ళక అక్కడే ఆగండి. నిద్రమాత్రలు, మద్యం తీసుకోవద్దు. కాని కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబి రంగు నురుగుతో కళ్ళె, పెదవులు నీలిబారడం, తూలి నడవడం, మాట తికమక పడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది జలుబు కాదు. ఊపిరితిత్తులలోకో మెదడులోకో నీరు చేరుతున్నదని అర్థం. తెల్లవారనిద్దామని ఊరుకోవద్దు. రాత్రయినా సరే, రోగిని నడిపించకుండా వెంటనే క్రిందికి దించాలి. 112కు ఫోను చేయాలి. ప్రాణవాయువు దొరికితే ఇవ్వాలి, కాని అంగడిలో దొరికే చిన్న డబ్బాను నమ్ముకుని దిగడం మానకూడదు. దిగడమే అసలు మందు.

మాస్టారి ఇంటామెకు నేను రక్తపరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 7.8 ఉంది. “ఆయాసం వయసు వలన అనుకున్నా సార్” అన్నదామె. మెల్లగా అడిగితే, మూడేళ్ళుగా మొలల వలన రక్తం పోతున్నదనీ, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదనీ తెలిసింది. ప్రయాణం వాయిదా పడింది. మొలలకు చికిత్స, ఇనుము మాత్రలు, బెల్లం, ఆకుకూరలు. నాలుగు నెలలకు హిమోగ్లోబిన్ 11.6కు వచ్చింది. ఫిబ్రవరి ఆఖర్లో వాళ్ళు మనాలి వెళ్ళారు. కొడుకు జారాడు, వీళ్ళిద్దరూ మంచు ముద్దలు చేతపట్టి ఫోటో దిగారు.

తిరిగి వచ్చాక మాస్టారు ఆ ఫోటో తెచ్చి చూపించి, “సార్, మంచు సంగతి అటుంచండి. ఇప్పుడు మా ఇంటామె బిందె ఎత్తుకుని కూడా ఆగకుండా మెట్లెక్కుతోంది” అన్నారు. ఆ పరీక్షకు అయిన ఖర్చు ఆయన తెచ్చిన ఆపిల్ పండ్ల ఖరీదులో సగం లేదు.

మీ ప్రయాణపు కాగితం మీద గూడా మొదటి పద్దు అదే కావాలని నా కోరిక.