పైకెక్కే నీళ్లు

వానలు జోరందుకున్నాక మా బొగ్గుబాయి ఊళ్లలో ఆదివారం వచ్చిందంటే చాలు, కుర్రకారు బండ్లన్నీ గౌరీగుండాల దారి పడతాయి. పెద్దపల్లి దగ్గర సబ్బితం గుట్టల్లో దూకే జలపాతం అది. మా నస్పూర్ నుంచి ఇందారం మీదుగా గోదావరి వంతెన దాటితే గోదావరిఖని, ఆ తర్వాత రామగుండం, పెద్దపల్లి. బాయిలో పనిచేసి రిటైరైన దోస్తులం కొందరం, మనవళ్లనూ మనవరాళ్లనూ వెంటేసుకుని, సర్వపిండి మూట కట్టుకుని పొద్దున్నే బయల్దేరాం.

దారిలో ఒక పిల్ల మంచి ప్రశ్న వేసింది. వాళ్ల మేనమామ కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడి తెలుగువాళ్లు సెలవురోజు బిగ్ బేసిన్ లాంటి రెడ్‌వుడ్ అడవులకు నడకకు పోతారు. 1902లో ఏర్పడిన పార్కు అది, లోపల బెర్రీ క్రీక్ అనే జలపాతం కూడా ఉంది. మామ పంపిన ఫోటోలో చెట్టు కొస కనపడలేదట.

"తాతా, అంత ఎత్తు చెట్టుకు నీళ్లెవరు ఎక్కిస్తరు? మోటరుంటదా?"

జలపాతం దగ్గర అందరం పడే నీళ్లనే చూస్తాం. ఆ చుట్టూ నిలబడ్డ ప్రతి చెట్టులోనూ అదే సమయంలో నీళ్లు పైకి పోతుంటాయి. చప్పుడు లేదు, నురగ లేదు కాబట్టి మన కన్ను పోదు. నన్నడిగితే పడే నీళ్ల కన్నా ఎక్కే నీళ్లే పెద్ద వింత.

అన్నిటికన్నా ఎత్తైన రెడ్‌వుడ్ పేరు హైపీరియన్, 2006లో కనుగొన్నారు. ఎత్తు సుమారు 116 మీటర్లు. మన కడెం వాగు మీది కుంటాల జలపాతం 45 మీటర్లని చెబుతారు. అంటే కుంటాలను రెండున్నరసార్లు నిలబెట్టినంత పొడవు. ఆ కొసన ఉన్న చిన్న ఆకుకు కూడా నీళ్లు అందాలి.

"పీల్చుకుంటది తాతా" అన్నాడు ఒక మనవడు. నా పక్కన కూర్చున్న దోస్తు బాయిలో చాలా ఏళ్లు పంపులు నడిపినవాడు. వెంటనే అందుకున్నాడు: "బిడ్డా, బాయిల పంపు ఏడ పెడ్తం? పైన పెడ్తమా, కింద సంపు కాడ పెడ్తమా?" కిందే పెడతారు. ఎందుకంటే పైన కూర్చుని పీల్చే పంపు ఎంత గొప్పదైనా 10 మీటర్లకు మించి నీళ్లు లాగలేదు. నిజానికి పంపు నీటిని లాగదు. గొట్టంలో గాలి తీసేస్తుంది, బయటి గాలి బరువు నీటిని పైకి నెడుతుంది. మన నెత్తి మీదున్న గాలి బరువు మోయగలిగింది 10.3 మీటర్ల నీటి స్తంభాన్నే. 17వ శతాబ్దంలో ఇటలీలో పంపులు చేసేవాళ్లు ఈ హద్దు దగ్గరే ఆగిపోయారు. కారణాన్ని గెలీలియో శిష్యుడు టోరిసెల్లి పాదరసపు గొట్టంతో చూపించాడు. అందుకే లోతు బాయిల్లో పంపు కింద కూర్చుని నీటిని పైకి తోస్తుంది.

మరి చెట్టు కింద కూర్చుని తోస్తుందా? వేర్లు కొంచెం తోస్తాయి గానీ, ఆ బలం వంద మీటర్లకు చాలదు. అసలు పని పైన ఆకు దగ్గర జరుగుతుంది. ఆకు అడుగున కంటికి కనపడని రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు ఆవిరై పోతుంది. వేరు తాగిన నీళ్లలో నూటికి తొంభై పాళ్లకు పైగా ఇట్లా గాలిలో కలిసేవే. ఒక నీటి అణువు వెళ్లిపోతుంటే, దాన్ని అంటిపెట్టుకున్న వెనకటి అణువు ముందుకు వస్తుంది, దాని వెనక ఇంకొకటి. కొస నుంచి వేరుదాకా ఒక్కటే గొలుసు. మా బాయిలో హాలేజీ తాడు ముందున్న బొగ్గు టబ్బును లాగితే కప్లింగు పడ్డ టబ్బులన్నీ వరసగా ఎక్కి వచ్చినట్టే. నీటి అణువులు ఒకదాన్నొకటి ఇంత గట్టిగా పట్టుకుంటాయని మనకు అనిపించదు. వెంట్రుక కన్నా సన్నని గొట్టాల్లో, మధ్యలో గాలి బుడగ లేకుండా ఉంటే మాత్రం ఆ పట్టు అంత తేలిగ్గా వీడదు. 1894లో డిక్సన్, జోలీ అనే ఇద్దరు డబ్లిన్ శాస్త్రవేత్తలు ఈ మాట చెప్పారు. ఇప్పటికీ అదే నిలబడింది. నడిపించేది ఎండ. చెట్టు తన ఒంట్లోంచి ఖర్చు పెట్టే బలం ఇందులో దాదాపు లేదు.

ఎత్తు పెరిగేకొద్దీ గొలుసు మీద లాగుడు పెరుగుతుంది. రెడ్‌వుడ్ కొసన ఆకులు పూర్తిగా విచ్చుకోలేక చిన్నవైపోతాయి. 2004లో శాస్త్రవేత్తలు ఆ చెట్లెక్కి కొలిచి, భూమ్మీద చెట్టు ఎంత పెరిగినా 122 నుంచి 130 మీటర్ల మధ్య ఆగిపోవాల్సిందేనని లెక్క తేల్చారు. ఎండాకాలం సముద్రం మీంచి వచ్చే పొగమంచు ఆ అడవికి పెద్ద ఆదరువు. ఏడాదిలో అందే నీళ్లలో దాదాపు మూడో వంతు ఆ మంచు చుక్కలవే. మందపాటి బెరడు మంటను ఆపుతుంది. 2020 ఆగస్టులో బిగ్ బేసిన్ దాదాపు అంతా కాలిపోయింది. మరుసటి ఏడే నల్లబడ్డ మొద్దుల మీద పచ్చని చిగుళ్లు వచ్చాయి.

గుట్ట ఎక్కుతుంటే పిల్లలు టేకు లేతాకు నలిపి అరచేతులు ఎర్రగా చేసుకున్నారు. మా చిన్నప్పుడూ ఇదే ఆట. టేకుకు పొగమంచు లేదు, నాలుగు నెలల వాన మాత్రమే ఉంది. అందుకే దాని తెలివి వేరు. వానాకాలమంతా చాటంత ఆకులతో నీళ్లు లాగి పెరుగుతుంది. నేల ఎండాక లాగుడు ఎక్కువైతే గొలుసు తెగుతుందని ఆకులే రాల్చేస్తుంది. మార్చిలో అడవి మోడుగా కనిపించేది దీనివల్లే, చెట్లు చచ్చిపోయి కాదు.

నల్లమద్ది పద్ధతి ఇంకొకటి. మొసలి వీపులా పగిలిన బెరడున్న చెట్టు, మన ఆదిలాబాద్ అడవుల్లో టేకుతో కలిసి పెరుగుతుంది. కొన్ని చెట్లు కాండంలో నీళ్లు దాచుకుంటాయి. పాపికొండల్లో కొండరెడ్లు ఈ సంగతి ఎరిగినవాళ్లు. 2024 మార్చిలో అక్కడి అటవీ అధికారులు వాళ్ల మాట మీద ఒక చెట్టు బెరడు చెక్కితే నీళ్లు ధారగా దూకాయి. దాని వీడియో చూసిన మనవడు కత్తి అడిగాడు. ఇవ్వలేదు. వేసవికి దాచుకున్న నీళ్లను వినోదం కోసం పారబోయడం ఆ చెట్టుకు చేసే ద్రోహం.

జలపాతం దగ్గరికి వచ్చాక తడవద్దని ఎవరికీ చెప్పలేదు గానీ, పాకురు పట్టిన బండల మీదికి మాత్రం ఎవరినీ పోనివ్వలేదు. మీరూ పోకండి. పైన గుట్టల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి.

అంత ఎత్తు నుంచి పడితే నీళ్లు వేడెక్కవా అని ఒకడు అడిగాడు. ఎక్కుతాయి! వేడి, పని ఒకటేనని నిరూపించిన జూల్ 1847లో పెళ్లయిన కొత్తలో ఆల్ప్స్ కొండలకు పోయి, చేతిలో పొడవాటి థర్మామీటరుతో జలపాతం కొలవడానికి తిరుగుతూ కనపడ్డాడని కెల్విన్ అనే మరో శాస్త్రవేత్త తర్వాత చెప్పాడు. నీళ్లు 427 మీటర్లు పడితే ఒక డిగ్రీ పెరుగుతుంది. కుంటాల దగ్గరైతే డిగ్రీలో పదో వంతు. తుంపర గాలిలో ఆరుతూ అంతకన్నా ఎక్కువే చల్లబరుస్తుంది కాబట్టి మనకు చలే తెలుస్తుంది.

సర్వపిండి తింటుంటే మాట బొగ్గు మీదికి మళ్లింది. నస్పూర్ కింద మేం తవ్విన బొగ్గు కూడా అడవే, 27, 28 కోట్ల ఏళ్ల కిందటి అడవి. అప్పుడు మన నేల అంటార్కిటికాకు అతుక్కుని దక్షిణాన చలిదేశంలో ఉండేది. ఇక్కడ పెరిగిన ముఖ్యమైన చెట్టు గ్లోసోప్టెరిస్. నాలుక ఆకారం ఆకు, మధ్యన బలమైన ఈనె, ఇరువైపులా వల అల్లినట్టు సన్నని ఈనెలు. బొగ్గుపొరలతో పాటు వచ్చే షేలు రాయిని పలకలుగా విడదీస్తే ఆ అచ్చులు కనపడతాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో ప్రాణాలొదిలిన స్కాట్ బృందం, నడవలేని స్థితిలోనూ 16 కిలోల రాళ్లను వదలలేదు. వాటిలో ఉన్నది ఈ ఆకే. మన సింగరేణి ఆకు, ధ్రువం దగ్గరి ఆకు ఒకే జాతివి కావడం ఆ నేలలు ఒకప్పుడు కలిసి ఉన్నాయనడానికి గట్టి సాక్ష్యం.

ఆ చెట్టూ ఆకు రాల్చేదే. టేకు నీళ్లు లేక రాలుస్తుంది, అది వెలుతురు లేని చలికాలానికి రాల్చేది. రాలిన ఆకులు బురదలో పొరలు పొరలుగా పడి ఉండబట్టే మన బాయిలు వచ్చాయి. ఎండ శక్తితో నీళ్లు పైకి లాగి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిపి ఆకు చేసిన పనే మాకు షిఫ్టుకు ఇంత జీతమై అన్నం పెట్టింది.

తిరుగు దారిలో ఆ పిల్ల మళ్లీ అడిగింది: "తాతా, నీటి గొలుసు తెగితే చప్పుడైతదా?"

అవుతుంది. 1966లో మిల్‌బర్న్, జాన్సన్ అనే ఇద్దరు సరిగ్గా ఇదే విన్నారు. వాడిపోతున్న ఆకు కాడకు సున్నితమైన పరికరం తగిలించి, శబ్దాన్ని పెంచి వింటే టిక్కు టిక్కుమని వినపడింది. ఒక్కో గొట్టంలో నీటి తీగ తెగి బుడగ పుట్టినప్పుడల్లా ఒక్కో టిక్కు. ఆకుకు మళ్లీ నీళ్లందగానే టిక్కులు ఆగాయి. వాళ్లు ఎంచుకున్న మొక్క ఏదో తెలుసా? మన ఆముదం! కాలనీ మోరీ పక్కన దానంతటదే మొలిచేది. దోస్తు కొడుకు ఎలక్ట్రానిక్స్ చదివాడు, అలాంటి పరికరం చేసిస్తానన్నాడు. ఆముదపు చెట్టును మోరీ శుభ్రం చేసేవాళ్లు పీకెయ్యకుండా చూసే పని పిల్లలు తీసుకున్నారు.