ప్లేట్‌లెట్లు పడిపోతే ఏమవుతుంది?

వానాకాలంలో ఎవరికైనా డెంగీ వస్తే, “ప్లేట్‌లెట్లు పడిపోయాయట” అని పెద్దవాళ్లు కంగారుపడటం వినే ఉంటావు. ఏమిటవి? ఎందుకంత గాబరా?

ఆటలో మోకాలు గీసుకుపోతే కాసేపు రక్తం కారి, దానంతటదే ఆగిపోతుంది కదా! ఆపేవి ప్లేట్‌లెట్లే. చెరువు కట్టకు గండి పడితే ఊరివాళ్లు ఇసుక బస్తాలు వేసి పూడ్చినట్టు, ఇవి తెగిన రక్తనాళం దగ్గరకు చేరి, ఒకదానికొకటి అతుక్కుని దారి మూసేస్తాయి.

ఇవి ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయి. బతికేది వారం, పది రోజులే. కాబట్టి శరీరం రోజూ కొత్తవి చేస్తూనే ఉండాలి. మామూలుగా ఒక్క మైక్రోలీటరు రక్తంలో, అంటే చాలా చిన్న చుక్కలో, 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉంటాయి.

డెంగీ వైరస్ ఈ తయారీని మందగింపజేస్తుంది. ఉన్నవి కూడా త్వరగా నాశనమవుతాయి. బాగా తగ్గిపోతే పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం రావచ్చు. కాళ్ల మీద సూదితో గుచ్చినట్టు ఎర్రచుక్కలు కనిపించవచ్చు. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు.

అంకె చూసి బెంబేలెత్తనక్కర్లేదు. చాలామందికి కొద్దిరోజుల్లో అవే పెరుగుతాయి. నిజానికి డెంగీలో అంతకన్నా పెద్ద ప్రమాదం రక్తంలోని ద్రవం నాళాల్లోంచి బయటికి ఊరిపోవడం. అదీ జ్వరం తగ్గుతున్న వేళలోనే! ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లను అతుక్కోనివ్వదు, అందుకే డెంగీలో అది వేసుకోకూడదు. కడుపునొప్పి, ఆగని వాంతులు, ఎక్కడైనా రక్తం కనిపిస్తే వెంటనే అమ్మానాన్నలకు చెప్పు, ఆసుపత్రికి వెళ్లాలి.