దాగుకొన్నవారిని వెదకే దేవుడు



ప్రతి ఉదయం ఓపీ తెరవకముందు మేము నర్సులం, ఆయాలం, వార్డు బాయిలం కలిసి కాసేపు వాక్యం చదువుకొని ప్రార్థన చేసుకుంటాం. ఈ మధ్య ఆదికాండము మొదటి నుండి మొదలుపెట్టాం. సండేస్కూలులో నేర్చుకున్న అధ్యాయాలే. కాని ముప్పై ఏళ్లు వార్డులో తిరిగిన తరువాత చదివితే, చిన్ననాడు కనబడని సంగతులు కనబడుతున్నాయి. అందులో ఒకటి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

బైబిలులో దేవుడు మనిషిని అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో మీకు గుర్తుందా? ఆదికాండము 3వ అధ్యాయము 9వ వచనము తీసి చూడండి. చెట్ల మధ్య దాగుకొన్న ఆదామును పిలిచి, ఎక్కడున్నావని అడిగాడు. ఎందుకు చేశావని మొదట అడగలేదు. ఆదాము ఎక్కడున్నాడో దేవునికి తెలియక కాదు. భయపడి దాగినవాడు తనంతట తాను బయటికి రావడానికి ఒక దారి చూపించాడు.

ఈ వచనం చదివిన ప్రతిసారీ మాకు ఒక తల్లి గుర్తుకు వస్తుంది.

మా నోట వచ్చిన మాట

చాలా ఏళ్ల క్రితం సంగతి. అప్పుడు మేము వేరొక చోట వార్డు సిస్టరుగా ఉన్నాం. గద్వాల వైపు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగు పనికి పోయే ఒక తల్లి వచ్చింది. కొంగు గట్టిగా చుట్టుకొని బల్ల చివర కూర్చుంది. "ఏమైందమ్మా?" అంటే, "ఏం లేదు సిస్టరమ్మా, జరం" అన్నది. జ్వరం చూద్దామని దగ్గరికి వెళ్లేసరికి వాసన తెలిసింది. కొంగు తీయించి చూస్తే రొమ్ములో గడ్డ పగిలి పుండయి ఉంది. లోపల పసుపు, ఏదో ఆకు పసరు నింపిన గుడ్డ.

"ఎన్ని దినాలైందమ్మా?"

"పోయిన పత్తి నాటి నుంచే ఉండె. నొప్పి లేకుండె. ఎవరికి చూపియ్యాల?"

అప్పుడు మా నోట వచ్చిన మాట ఇది: "ఇన్నాళ్లు ఏం చేస్తున్నావ్? బుద్ధుందా నీకు? చదువుకోకపోతే ఇంతే!" పది మంది ముందర గట్టిగా అన్నాం. ఆమె మంచిదనే కోపం వచ్చిందని అప్పుడు మాకు మేము సర్ది చెప్పుకున్నాం. ఆ తల్లి తల వంచుకొని కొంగు మళ్లీ చుట్టుకుంది. డాక్టరుగారు వచ్చేలోపే లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. సంక్రాంతికి ముందే పోయిందని అదే ఊరి నుండి వచ్చిన మరొక తల్లి చెప్పింది.

అప్పటికే జబ్బు ముదిరింది కాబట్టి, మా మాట వల్లనే ఆమె చనిపోయిందని అనలేము. కాని చివరి దినాలలో ఆ పుండుకు కట్టు, ఆ నొప్పికి మందు దొరకకుండా పోయింది మాత్రం మా మాట వల్లనే. అప్పటికే చెట్టు చాటున దాగిన మనిషిని ఇంకా లోపలికి తరిమాం.

ఈ శరీరం మంచిది

ఆదాము, హవ్వ దాగుకొనకముందు రెండు అధ్యాయాలున్నాయి. వాటిని మనం తొందరగా దాటిపోతాం. దేవుడు తాను చేసిన సమస్తమును చూసి చాలా మంచిదని తలంచినట్లు మొదటి అధ్యాయం చివర ఉంది. రెండవ అధ్యాయంలో నేలమంటితో మనిషిని చేసి, ముక్కులో ఊపిరి ఊదాడు. ప్రసవపు గదిలో పుట్టిన బిడ్డ ఏడవకుండా నీలంగా ఉన్నప్పుడు, చిన్న మాస్కు పెట్టి బ్యాగు నొక్కుతూ ఆ మొదటి ఊపిరి కోసం ఎదురుచూసే మాకు ఈ వచనం బాగా అర్థమవుతుంది.

అదే అధ్యాయం చివరి వచనం వారిద్దరూ సిగ్గు లేకుండా ఉన్నారని చెబుతుంది. అంటే రొమ్ము, గర్భసంచి, మూత్రం దారి, మలం దారి, ఇవన్నీ దేవుడు మంచివని చూసిన శరీరంలోనివే. వాటికి జబ్బు వస్తే చెప్పుకోవడం పాపం కాదు, సిగ్గు కాదు.

నిజాము రాజ్యపు తెలుగు ప్రాంతానికి మెన్నొనైట్ బ్రదరన్ మిషను తరఫున 1907లో డాక్టర్ కేథరీనా షెల్లెన్‌బర్గ్ అమ్మగారు వచ్చారు. 1945లో కన్నుమూసేవరకు ఇక్కడే సేవ చేశారు. మగ డాక్టరుకు చేయి చూపించడానికి కూడా ఆడవారు వెనుకాడిన రోజులవి. ఒక స్త్రీ డాక్టరు వచ్చిందంటే, దాగిన తల్లులకు ఒక తలుపు తెరుచుకున్నట్లే. నేటికీ మీరు కావాలంటే, "మాకు లేడీ డాక్టరో సిస్టరో చూడాలి" అని అడగవచ్చు. అడగడానికి మొహమాటపడకండి.

ఆకులు చాలవు

తప్పు చేసిన తరువాత ఆ ఇద్దరూ అంజూరపు ఆకులు కుట్టుకున్నారు. ఆకు ఎన్నాళ్లుంటుంది? సాయంత్రానికి వాడిపోతుంది. మన ఇళ్లలోనూ అలాంటి ఆకులున్నాయి. గడ్డ మీద పసరు, తెల్లబట్టకు ఎవరో చెప్పిన పొడి, దగ్గుకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న సిరప్పు, ఎవరైనా అడిగితే "ఏం లేదు" అనే మాట. ఇవన్నీ కప్పుతాయి గాని బాగుచేయవు.

రొమ్ములో గడ్డకు మొదట నొప్పి ఉండకపోవచ్చు. నొప్పి లేదు గనుక పరవాలేదనుకోవడమే మోసం. నెలకొకసారి, బహిష్టు అయిన వారం తరువాత, స్నానం చేసేటప్పుడు రెండు రొమ్ములూ, చంకలూ వేళ్లతో నెమ్మదిగా తడిమి చూసుకోండి. గడ్డ తగిలినా, చర్మం గుంట పడినా, మొన లోపలికి పోయినా, రక్తం లాంటిది కారినా వెంటనే రండి. అన్ని గడ్డలూ క్యాన్సరు కావు. క్యాన్సరే అయినా, చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే బాగయ్యే అవకాశం చాలా ఎక్కువ. బహిష్టు నిలిచిన తరువాత మళ్లీ రక్తం కనబడినా అలాగే రావాలి.

నేరం ఎవరి మీద?

దేవుడు అడిగినప్పుడు ఆదాము ఏం చేశాడు? తన భార్యను చూపించాడు. ఆమె సర్పాన్ని చూపించింది. ప్రసవపు గది బయట ఈ మాట మేము ఇప్పటికీ వింటున్నాం. రెండోసారి ఆడపిల్ల పుడితే, "దీని కడుపే అంత" అని అత్తగారు అంటుంది. కొడుకు నోరు మెదపడు. అయ్యలారా, అమ్మలారా, బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి నుండి వచ్చే బీజం. తల్లి వైపు నుండి ఎక్స్ ఒక్కటే వస్తుంది. తండ్రి నుండి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లవాడు. ఇందులో తండ్రి తప్పూ లేదు, ఆయన చేతిలోనూ లేదు. స్త్రీని గాని పురుషుని గాని తన స్వరూపమందే చేశానని మొదటి అధ్యాయంలోనే దేవుడు చెప్పినప్పుడు, ఇక నేరం ఎక్కడిది?

నొప్పి పడాలని ఆజ్ఞ ఉందా?

మూడవ అధ్యాయంలో ప్రసవ వేదన గురించి ఉన్న మాట చూపించి, "ఆడది ఈ బాధ పడాల్సిందే, దేవుడే అన్నాడు" అనే పెద్దలు మన సంఘాలలో కూడా ఉన్నారు. అలా అని ఆసుపత్రికి తేవడం ఆలస్యం చేసినవారినీ చూశాం.

ఒక్క సంగతి ఆలోచించండి. అదే చోట, నేల ముండ్ల తుప్పలు మొలిపిస్తుందని కూడా ఉంది. మరి నాగర్‌కర్నూలు రైతు తన చేనులో కలుపు తీయడం మానుకున్నాడా? వనపర్తి రైతు గుంటుక తోలడం మానుకున్నాడా? ముండ్లు పీకడం పాపం కానప్పుడు, తల్లి బాధ తగ్గించడం ఎలా పాపమవుతుంది? అది ఆజ్ఞ కాదు, చెడిపోయిన లోకం ఎలా ఉంటుందో చెప్పిన మాట.

1847లో ఎడిన్‌బరోలో డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్ ప్రసవంలో క్లోరోఫారం వాడినప్పుడు ఇదే అభ్యంతరం వచ్చింది. ఆయన బైబిలు తోనే జవాబిచ్చాడు. ఆదాము ప్రక్కటెముక తీయకముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేశాడు గదా అన్నాడు. ఆదికాండము 2వ అధ్యాయము 21వ వచనము. మత్తు ఇచ్చే గదిలోకి వెళ్లే ముందు భయపడే రోగులకు మేము ఈ వచనం చెబుతుంటాం.

నొప్పి కంటే మాకు ఎక్కువ భయం రక్తహీనత. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత. 7 కంటే తక్కువైతే ప్రమాదం. అలాంటి తల్లికి కాన్పులో కొంచెం ఎక్కువ రక్తం పోయినా తట్టుకోలేదు. నాలుగో నెల నుండి ఐరన్ మాత్ర రోజుకొకటి, కనీసం 180 రోజులు వేసుకోవాలి. మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, భయపడవద్దు. మాత్రతో పాటు టీ తాగవద్దు. మాత్రలు డబ్బాలో దాచి, "వేసుకుంటున్నా" అని మాకు చెప్పవద్దు. అది కూడా ఒక ఆకే.

నీ తోడబుట్టినవాడు ఎక్కడ?

నాలుగో అధ్యాయంలో దేవుడు మళ్లీ ఎక్కడ అనే అడుగుతాడు. ఈసారి కయీనును, తమ్ముడైన హేబెలు గురించి. తమ్మునికి నేను కావలివాడినా అని కయీను ఎదురు ప్రశ్న వేశాడు.

మన పాలమూరు నుండి ఎందరో పనుల కోసం ముంబైకి, హైదరాబాదుకు వలసపోయారు, పోతున్నారు. ఇరుకు గదుల్లో ఉండి కొందరు దగ్గుతో తిరిగి వస్తారు. టీబీ అని తెలియగానే కొందరు ఆ మనిషికి పళ్లెం వేరు చేసి, పశువుల కొట్టం పక్కన మంచం వేస్తారు. అందుకే దగ్గు ఉన్నవాడు చెప్పడు. చెప్పకపోవడం వల్ల ఇంట్లో పిల్లలకు కూడా సోకుతుంది.

రెండు వారాలు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించండి. ప్రభుత్వ కేంద్రాలలో పరీక్ష, మందులు ఉచితం. మామూలు టీబీకి ఆరు నెలలు మానకుండా మందులు వాడాలి. సరైన మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలలోనే ఇతరులకు సోకడం చాలావరకు తగ్గిపోతుంది. పళ్లెం వల్ల టీబీ రాదు, దగ్గినప్పుడు గాలిలో వస్తుంది. కిటికీ తెరవండి, మూతికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి, మనిషిని మాత్రం వెలివేయకండి. పోషకాహారం కోసం ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు రోగి ఖాతాలో వేస్తున్నది. మీ వీధిలో దగ్గేవారు ఉంటే ఆ మాట చెప్పి తీసుకురండి. మీరు కావలివారే.

వెనుకకు నడిచిన ఇద్దరు కుమారులు

నోవహు అనగానే మనకు జలప్రళయమే గుర్తొస్తుంది. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపూరు ప్రాంతం మునిగిన దినాలు చూసినవారికి ఆ కథ మరీ దగ్గరగా ఉంటుంది. కాని నీళ్లు తీసిన తరువాత జరిగింది ప్రసంగాలలో తక్కువగా వింటాం. అంతటి భక్తుడు ద్రాక్షతోట వేసి, తాగి, వస్త్రం లేకుండా గుడారంలో పడిపోయాడు. ఒక కుమారుడు చూసి బయట చెప్పాడు. మిగతా ఇద్దరు, షేము, యాపెతు, బట్ట తీసుకొని, తండ్రిని చూడకుండా వెనుకకు నడిచి వెళ్లి కప్పారు.

మన ప్రాంతంలో కల్తీ కల్లు ఎన్ని ఇళ్లను పాడుచేసిందో మీకు తెలుసు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలమ్ వంటివి కలిపిన కల్లుకు అలవాటు పడినవారు ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, పిచ్చిపిచ్చిగా మాట్లాడడం, ఫిట్సు రావడం జరుగుతాయి. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు జరిగినప్పుడు పాలమూరు ఆసుపత్రులు ఇలాంటి వారితో నిండాయి. కాబట్టి గదిలో పెట్టి తాళం వేసి మాన్పించకండి. దయ్యం పట్టిందని తిప్పకండి. ఆసుపత్రికి తెండి. మందులతో, మెల్లమెల్లగా మాన్పించవచ్చు. తెచ్చేటప్పుడు ఆ ఇద్దరు కుమారుల్లా తెండి, ఊరంతా చెప్పకుండా, ఆయన పరువు కాపాడుతూ.

దేవుడు చేసిన మొదటి పరిచర్య

మూడవ అధ్యాయం 21వ వచనంతో ముగిస్తాం. తీర్పు చెప్పిన తరువాత, తోటలో నుండి పంపకముందు, దేవుడు ఆ ఇద్దరికీ చర్మపు చొక్కాలు చేసి తానే తొడిగించాడు. ఆకుల్ని ఎగతాళి చేయలేదు. వాటికంటే మంచిది ఇచ్చాడు. నర్సుల పని ఎక్కడ మొదలైందని మమ్మల్ని అడిగితే, ఈ వచనం చూపిస్తాం.

ఇప్పుడు మా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లలకు రెండు సంగతులు నేర్పుతున్నాం. పరీక్షకు ముందు తెర లాగాలి, పరీక్ష అయిన వెంటనే దుప్పటి కప్పాలి. ఆలస్యంగా వచ్చిన తల్లిని "ఇన్నాళ్లు ఏం చేశావ్" అని అడగకూడదు. "ఇన్నాళ్లు ఒక్కదానివే మోశావా అమ్మా" అని అడగాలి. ఆ గద్వాల తల్లికి మేము అనవలసిన మాట అది. ఆమెకు అనలేకపోయాం గనుక మీకు చెబుతున్నాం.

మీలో ఎవరైనా ఏదైనా దాచుకొని ఉంటే, ఈ వారమే రండి. ఎంత ఆలస్యమైనా రండి. ఒకవేళ మాలో ఎవరైనా కసిరితే, లేచి వెళ్లిపోకండి, మా గదికి వచ్చి చెప్పండి. మేమూ మంటితో చేయబడినవారమే, మా మాటలు కూడా దిద్దబడాలి.

చెట్ల మధ్య దాగినవారిని పేరు పెట్టి పిలిచిన దేవుడు మీ గృహాలను దర్శించి, మీ భయములను తొలగించి, మీకు స్వస్థతను దయచేయును గాక. ఆమెన్.